కుళ్ళిన దుంగలో ఎవరున్నారు?



చలికాలపు వానలు బాగా కురిసిన సంవత్సరం, కువైట్ అంగళ్ళలో మట్టి అంటిన చిన్న బంగాళాదుంపల వంటివి బుట్టలలో అమ్మకానికి వస్తాయి. ఇక్కడివారు వాటిని 'ఫగా' అంటారు. ధర వినగానే మన అమ్మానాన్నలు మెల్లగా వెనుదిరుగుతారు. అవి దుంపలు కావు. ఇసుక క్రింద పెరిగే శిలీంధ్రాలు, అనగా మన పుట్టగొడుగులకు బంధువులు. రగ్రూగ్ అనే చిన్న ఎడారి మొక్క వేళ్ళతో కలిసి అవి జీవిస్తాయి. ఉరుములు ఉరిమిన ఏడు ఫగా ఎక్కువగా పుడుతుందని అరబ్బు పెద్దలు చెబుతారు. ఆకాశం ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మన ఊళ్ళలోని పెద్దలు కూడా అంటారు కదా!

ఒకనాడు మన తరగతికి ఒక విద్యార్థి ఫగా ఒకటి తెచ్చాడు. కోసి చూడగా లోపల సన్నని తెల్లని పురుగు కదులుతూ ఉన్నది. "టీచర్, పారవేయండి!" అని అందరూ అరిచారు. తెచ్చిన పిల్లవాడు మాత్రం దానిని వంగి చూచి, "ఇది ఇందులోనే పుట్టిందా? లేక ఎక్కడి నుండో వచ్చి చేరిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకనగా, పుట్టగొడుగులపై బ్రతికే పురుగులను పరిశీలించే శాస్త్రజ్ఞులు అడవిలో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. ఆ జవాబు కొరకు మనము ఇసుకను విడిచి కొండ ఎక్కవలెను.

మీలో చాలామంది ఇళ్ళు కడప, రాజంపేట, రాయచోటి, చిత్తూరు ప్రాంతాలలో ఉన్నవి. సెలవులకు వెళ్ళినప్పుడు మీకు దూరాన నీలముగా కనబడేవి శేషాచలం కొండలు. 2010లో భారత ప్రభుత్వం ఆ కొండలను జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటించినది. దాని విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం చెట్లకు అది పుట్టిల్లు. అటువంటి కొండ అడవిలో పుట్టగొడుగుల పురుగులను లెక్కించవలెనన్న ఏమి చేయవలెనో ఈ పాఠంలో తెలుసుకొందాము.

పుట్టగొడుగు అంటే ఏమిటి?

పుట్టగొడుగు మొక్క కాదు, జంతువూ కాదు. మొక్కలకు ఉన్న పత్రహరితం దానికి లేదు. కనుక ఎండను ఉపయోగించి తన ఆహారాన్ని తానే తయారు చేసుకొనలేదు. దూదిపోగు కంటె సన్నని తంతువులుగా నేలలోను, కొయ్యలోను అల్లుకొని, చచ్చిన ఆకులను, కొమ్మలను కుళ్ళజేసి, వాటిలోని సారాన్ని పీల్చుకొంటుంది. మన కంటికి కనబడే గొడుగు, మామిడిచెట్టుకు కాయ వంటిది మాత్రమే. చెట్టు వంటి భాగమంతా లోపలనే దాగి ఉన్నది. గొడుగు నుండి పొడి వలె రాలే సిద్ధబీజాలు గాలిలో కొట్టుకొనిపోయి, తడి దొరికిన చోట మొలుస్తాయి.

అన్ని పుట్టగొడుగులు మెత్తనివి కావు. కూలిన మానులకు, గోడకు బిగించిన అరల వలె అంటుకొని ఉండే కొయ్య వంటి గట్టి పుట్టగొడుగులు కూడా కలవు. మెత్తనివి కొన్ని రోజులలో కుళ్ళి నీరైపోతాయి. గట్టివి నెలల తరబడి, కొన్ని ఏండ్ల తరబడి నిలుస్తాయి. ఈ ఒక్క భేదాన్ని గుర్తుంచుకోండి. ఏ పురుగు ఎక్కడ కాపురం ఉండగలదో నిర్ణయించేది ఇదే.

పెంకు పురుగు ఎవరు?

పెంకు పురుగులకు రెండు జతల రెక్కలు ఉంటాయి. ముందు జత గట్టిపడి పెంకు వలె వీపును కప్పుతుంది. ఎగిరే రెక్కలు దాని క్రింద మడిచి ఉంటాయి. పొలాలలోని అక్షింతల పురుగు, రాత్రి వెలిగే మిణుగురు, పేడను ఉండ చేసి దొర్లించే పేడపురుగు, బియ్యపు డబ్బాలో దొరికే ముక్కుపురుగు అన్నీ ఈ కుటుంబంలోనివే. తొలకరిలో కనబడే ఎర్రని ఆరుద్ర పురుగు మాత్రం ఇందులోనిది కాదు. దాని కాళ్ళు లెక్కపెట్టి చూడండి. ఎనిమిది ఉంటాయి. పెంకు పురుగులకు ఆరే కాళ్ళు.

శాస్త్రజ్ఞులు ఇంతవరకు పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులు సుమారు 4 లక్షలు. పేరున్న జంతుజాతులలో దాదాపు నాలుగింట ఒక వంతు ఇవే. ఇవన్నీ గ్రుడ్డు, పిల్లపురుగు, కోశస్థ దశ, రెక్కల పురుగు అను నాలుగు దశలను దాటి పెరుగుతాయి.

పుట్టగొడుగు ఇంట నలుగురు అతిథులు

మొదటివారు గట్టి పుట్టగొడుగులో స్థిరముగా కాపురముండేవారు. వీరిలో కొందరు ఆవగింజంత చిన్నవారు. ఒకటి నుండి మూడు మిల్లీమీటర్ల పొడవే ఉంటారు. గట్టి గొడుగును తొలిచి, అందులోనే గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, మనుమలను కూడా చూస్తారు. అమెరికా తూర్పు అడవులలో ఇంకొక చిత్రమైన పురుగు ఉన్నది. దాని మగపురుగుకు మెడమీద ముందుకు వంగిన రెండు కొమ్ములు ఉంటాయి. ఆ కొమ్ములతో ఒకదానినొకటి త్రోసుకొని పోట్లాడుకొంటాయి. మనము ముట్టుకొంటే కాళ్ళు ముడుచుకొని, ఎండిన బెరడు ముక్క వలె కదలక పడి ఉంటాయి.

రెండవవారు బాటసారులు. మెత్తని పుట్టగొడుగు వాసన పట్టి పరుగున వచ్చేవారు. ఇల్లు త్వరలో కూలిపోతుందని తెలిసినవారి వలె వీరి పిల్లలు వేగముగా పెరుగుతారు. వీరిలో కొందరు పుట్టగొడుగును తినక, దానిని తినవచ్చిన ఈగల పిల్లపురుగులను వేటాడుతారు. కనుక గొడుగు మీద కనబడిన ప్రతి పురుగూ గొడుగును తినేదని అనుకొనరాదు.

మూడవవారు రైతులు. అవును, నిజముగా రైతులే! అంబ్రోసియా పురుగులు అనబడే ఇవి తమ ఒంటిలోని చిన్న సంచిలో శిలీంధ్రపు విత్తనాన్ని మోసుకొనిపోతాయి. చెట్టు మానులో సొరంగం తొలిచి, దాని గోడలకు ఆ విత్తనం అంటిస్తాయి. అక్కడ మొలిచిన శిలీంధ్రమే తల్లికి, పిల్లలకు భోజనం. కొయ్యను అవి తినవు, తొలిచి బయటికి నెట్టివేస్తాయి. మానవుడు వ్యవసాయం నేర్చి పది పన్నెండు వేల సంవత్సరాలైనది. ఈ పురుగులు కోట్ల సంవత్సరాలుగా సేద్యం చేస్తున్నవి. ఈ జాతికి చెందిన ఒక పురుగు శ్రీలంకలోను, దక్షిణ భారతంలోను తేయాకు మొక్కలను తొలిచి తోటలకు చాలా నష్టం చేస్తుంది.

నాలుగవవారిని చూచుటకు అడవికి పోనక్కర లేదు. బెండ, గుమ్మడి ఆకుల మీద తెల్లని పొడి వలె వ్యాపించేదానిని రైతులు బూడిద తెగులు అంటారు. అదియు ఒక శిలీంధ్రమే. పసుపు పచ్చని పెంకు గల ఒక జాతి అక్షింతల పురుగు ఆ పొడిని మేస్తుంది. ఆకును మాత్రం కొరకదు.

కొండ అడవిలో లెక్క ఎట్లా?

రక్షిత అడవిలో పురుగును పట్టుటకు ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. అటవీశాఖ నుండి వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. శాస్త్రజ్ఞుడైనను అనుమతి లేనిదే ఒక ఆకు కూడా తీసుకొనరాదు.

తరువాత కొండను ఎత్తుల వారీగా విభజిస్తారు. పాదము వద్ద కొన్ని చోట్లు, నడిమిలో కొన్ని, శిఖరము దగ్గర కొన్ని ఎన్నుకొంటారు. పైకి పోయిన కొలది చలి, తేమ, చెట్ల జాతులు మారుతాయి. చెట్లు మారితే పుట్టగొడుగులు, పుట్టగొడుగులు మారితే పురుగులు మారుతాయి. క్రింద మాత్రమే వెదకి "ఈ కొండలో ఇవే ఉన్నవి" అనుట, మొదటి పేజీ చదివి కథంతా చెప్పినట్లే.

పురుగులను పట్టే ఉపాయాలు అనేకం. మెత్తని పుట్టగొడుగును తెల్లని గుడ్డపైన మెల్లగా తట్టితే అందులోని పురుగులు రాలుతాయి. రాలిన ఆకులను, కుళ్ళిన కొయ్యపొడిని జల్లెడ పడతారు. జల్లించినదానిని పెద్ద గరాటులో పోసి, పైన దీపం వ్రేలాడదీస్తారు. వెలుగు, వేడి, ఎండు గిట్టని పురుగులు క్రిందికి దిగి దిగి, గరాటు నుండి సీసాలో పడతాయి. వేడితో పురుగులను దింపే గరాటు పద్ధతిని 1905లో ఇటలీ దేశస్థుడైన అంటోనియో బెర్లీస్ కనిపెట్టాడు. ఎగిరే పురుగుల కొరకు చెట్ల నడుమ పారదర్శకమైన పలకను నిలువుగా కడతారు. దానికి తగిలిన పురుగు క్రిందనున్న తొట్టిలో పడుతుంది. చాలా జాతులు రాత్రివేళ మాత్రమే బయటికి వస్తాయి కనుక, టార్చిలైటు పట్టుకొని అవే దుంగలను చీకటిలో మరల చూడవలెను.

ఇప్పుడు మన ఫగా ప్రశ్నకు వద్దాము. పురుగు అక్కడే పుట్టిందా, వచ్చి చేరిందా? దీనిని తెలుసుకొనుటకు గట్టి పుట్టగొడుగులో ఒక భాగాన్ని గాలి ఆడే డబ్బాలో ఉంచి, వారాల తరబడి ఓపికగా కనిపెట్టి చూస్తారు. లోపలి గ్రుడ్లు, పిల్లపురుగులు పెరిగి రెక్కల పురుగులై బయటికి వస్తే, అదే వాటి పుట్టినిల్లని రుజువు. పైన పట్టిన పురుగు చుట్టము కావచ్చును. లోపలి నుండి పుట్టుకొని వచ్చినది ఇంటివాడు. మన తరగతిలోని పురుగు తెల్లని పిల్లపురుగు, రెక్కలు లేవు, ఎగిరి వచ్చి చేరలేదు. కనుక దాని తల్లి అక్కడే గ్రుడ్డు పెట్టి ఉండవలెను. ఆ తల్లి పెంకు పురుగా, ఈగయా అని తెలియవలెనంటే దానిని పెంచి చూడవలసి ఉండినది. మనము పారవేసితిమి!

పట్టిన ప్రతి పురుగు ప్రక్కన చిన్న చీటీ ఉండవలెను. ఏ ఊరు, ఏ ఎత్తు, ఏ తేదీ, ఏ పుట్టగొడుగు, ఎవరు పట్టినది అని వ్రాయవలెను. చీటీ పోయిన పురుగు పేరు పోయిన ఉత్తరం వంటిది. ఏమియు దొరకని దుంగను గూర్చి కూడా వ్రాయవలెను. లెక్కలో సున్న కూడా ఒక అంకెయే.

అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానవనం ఇటువంటి లెక్కకు గొప్ప ఉదాహరణ. అది రెండు వేల చదరపు కిలోమీటర్లకు మించిన కొండ అడవి. 1998లో అక్కడ ఒక పెద్ద పని మొదలుపెట్టారు. ఆ అడవిలో ఉన్న సమస్త ప్రాణిజాతులను లెక్కించవలెనని సంకల్పించారు. శాస్త్రజ్ఞులతో పాటు ఉపాధ్యాయులు, విద్యార్థులు కూడా సహాయం చేశారు. పెంకు పురుగుల లెక్కను లూసియానా స్టేట్ యూనివర్సిటీ కీటక సంగ్రహాలయంవారు చేపట్టారు. అన్ని ప్రాణులూ కలిపి ఇప్పటికి 20 వేలకు పైగా జాతులు ఆ జాబితాలో చేరినవి. అందులో వెయ్యికి పైగా అంతకు మునుపు ప్రపంచంలో ఎవరికీ తెలియనివి. ప్రతి ఏటా లక్షలాది యాత్రికులు తిరిగే అడవిలో, వారి కాళ్ళ క్రిందనే ఇన్ని ప్రాణులు పేరు లేకుండా బ్రతుకుతూ ఉండినవి.

ఒక చిన్న గణితం

ఒక లోయలో కొమ్ముల పురుగులు ఎన్ని ఉన్నవో అన్నింటినీ పట్టకుండా చెప్పగలమా? చెప్పగలము. అమెరికాలోని వర్జీనియా కొండలలో ఒక పరిశోధనా కేంద్రంవారు ఆ పురుగుల వీపుపై అతి చిన్న గుర్తు చీటీలు అంటించి విడిచిపెడతారు. మరల చూచినప్పుడు ఏది ఏదో గుర్తించగలుగుతారు.

ఉదాహరణకు, మనము 40 పురుగులకు గుర్తు వేసి విడిచితిమనుకోండి. కొన్నాళ్ళకు మరల 50 పురుగులను పట్టితిమి. వాటిలో 10 పురుగులకు గుర్తు ఉన్నది. అనగా అయిదింట ఒకటికి గుర్తు ఉన్నది. కనుక మనము మొదట గుర్తు వేసిన 40 కూడా మొత్తంలో అయిదింట ఒక వంతే అయి ఉండవలెను. 40ని 5తో గుణిస్తే 200. ఆ లోయలో సుమారు 200 పురుగులు ఉన్నవని అంచనా. అయితే గుర్తులు ఊడిపోకూడదు, పురుగులు లోయ విడిచి పోకూడదు, గుర్తున్నవి లేనివి బాగా కలిసిపోవలెను. ఈ మూడింటిలో ఏది తప్పినను లెక్క తప్పుతుంది.

తాతగారి మాట, అడవి మాట

మా తాతగారు తెలుగుదేశం నుండి ఓడ ఎక్కి మలయాకు పోయి, పెరాక్‌లోని బాగన్ దాతో ప్రాంతంలో ఒక కొబ్బరి తోటలో కూలిపని చేశారు. నేను పుట్టినది, ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆ దేశంలోనే. తోటలో ఒక కొబ్బరిచెట్టు కూలినదంటే తాతగారికి నిద్ర పట్టేది కాదట. మానును ముక్కలుగా నరికి కాల్చివేసేవరకు ఊరుకొనేవారు కారట. కుళ్ళిన మానులో కొమ్ముపురుగు గ్రుడ్లు పెడుతుంది. అందులో పెరిగిన పురుగులు బ్రతికి ఉన్న కొబ్బరి మొవ్వును తొలుస్తాయి. "కుళ్ళిన కొయ్యను దయతలిస్తే పచ్చని చెట్టు చస్తుంది" అని ఆయన అనేవారు. మా ఇంట అది వేదవాక్యం. తాతగారు చెప్పినది తోటకు ముమ్మాటికి సత్యం.

ఆ మాటను మనసులో ఉంచుకొని పెద్దదాననైన నేను, మొదటిసారి కొండ అడవిలో నడిచినప్పుడు కూలిన చెట్లను చూచి, "ఇంత నిర్లక్ష్యమా! ఎవరూ శుభ్రం చేయరా?" అనుకొన్నాను. నా వెంట ఉన్న అటవీ ఉద్యోగి ఒక దుంగ ప్రక్కన కూర్చొని, దానికి అంటిన గట్టి పుట్టగొడుగులోని సన్నని రంధ్రాలను చూపాడు. ఒక్కొక్క రంధ్రము ఒక్కొక్క వాకిలి. నేను చెత్త అనుకొన్నది ఒక ఊరు!

తోటలో ఒకే చెట్టును వేల కొలదిగా నాటుతారు. అక్కడ ఒక పురుగు పెరిగితే ఆపేవారు ఉండరు. అడవిలో వందల రకాల చెట్లు, వాటిని కుళ్ళజేసే శిలీంధ్రాలు, ఆ శిలీంధ్రాలను తినే పురుగులు, పురుగులను తినే పక్షులు, బల్లులు అన్నీ కలిసి ఉంటాయి. కొమ్ముపురుగును కూడా చంపే ఒక ఆకుపచ్చని శిలీంధ్రము ఉన్నది. నేడు కొబ్బరి రైతులు దానినే ఎరువుకుప్పలలో చల్లి పురుగును అదుపు చేస్తున్నారు. తాతగారి నిప్పు చేసిన పనిని ఆ శిలీంధ్రము నిశ్శబ్దముగా చేస్తున్నది.

అడవిలో దుంగలను ఏరివేస్తే ఏమవుతుంది? ఐరోపా దేశాలలో శతాబ్దాలుగా ముసలి చెట్లను నరికి, ఎండుకట్టెలను తీసివేశారు. చచ్చిన కొయ్యపైన, దాని శిలీంధ్రాలపైన ఆధారపడే పెంకు పురుగులలో సుమారు 700 జాతులను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం పరిశీలించి, 2018లో ఫలితం ప్రకటించినది. వాటిలో దాదాపు అయిదింట ఒక వంతు అంతరించే ప్రమాదంలో ఉన్నవి. ఎవరో లెక్కపెట్టినందువల్లనే ఈ సంగతి తెలిసినది. లెక్కలో లేని ప్రాణి పోయినా, పోయినదని ఎవరికీ తెలియదు.

మన కడప జిల్లాలోనే దీనికి ఉదాహరణ ఉన్నది. కలివికోడి అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించినదని అందరూ అనుకొన్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవారు స్థానికుల సహాయంతో కడప ప్రాంతపు పొద అడవులలో దానిని మరల కనుగొన్నారు. తరువాత దాని కొరకు లంకమల అడవి అభయారణ్యమైనది. వెదికినవారు ఉన్నారు కనుక పక్షికి చోటు దొరికినది. ఆవగింజంత పురుగుకు కూడా వెదికేవారు కావలెను.

మీరు చేయగలిగినది

మన వేసవి సెలవులు జూలై, ఆగస్టు నెలలలో వస్తాయి. అప్పుడే మన ఊళ్ళలో వానలు కురిసి పుట్టగొడుగులు లేస్తాయి. అమ్మమ్మగారి పెరటిలోనో, పొలం గట్టునో పడి ఉన్న ఒక దుంగను ఎన్నుకోండి. రక్షిత అడవిలో మాత్రం దేనినీ ముట్టవద్దు. దుంగ క్రింద తేళ్ళు, పాములు ఉండవచ్చును కనుక పెద్దలు తోడు లేనిదే దానిని కదపవద్దు. కదిపితే మరల ఉన్నచోటనే ఉన్నట్లుగా పెట్టండి. అది పురుగుల ఇంటికప్పు. పుట్టగొడుగులను నోట పెట్టవద్దు. ముట్టిన తరువాత చేతులు కడుగుకోండి. వారానికి ఒకసారి పోయి, తేదీ, వాన పడినదా లేదా, ఏ ఆకారపు గొడుగు, ఎన్ని పురుగులు అని నోటుపుస్తకంలో వ్రాసి, బొమ్మ గీయండి.

కువైట్‌లో కొండ అడవి లేదు. కాని ఇక్కడ కూడా ఇదే న్యాయం. వాహనాలు తొక్కివేసి, మందలు మేసివేసిన చోట రగ్రూగ్ మొక్క ఉండదు. ఆ మొక్క లేనిచోట ఎంత ఉరిమినను ఫగా పుట్టదు. ఎడారిలో విహారానికి వెళ్ళినప్పుడు ఆ చిన్న మొక్కను తొక్కక ప్రక్కగా నడవండి.

ఈసారి ఎవరైనా ఫగా తెచ్చి, అందులో పురుగు కనబడితే, మనము దానిని పారవేయము. గాలి ఆడే డబ్బా ఒకటి తరగతి బీరువాలో సిద్ధముగా ఉంచాను.

కొత్త మాటలు

శిలీంధ్రము: పుట్టగొడుగు, బూజు వంటి జీవి
తంతువు: సన్నని పోగు
సిద్ధబీజము: శిలీంధ్రపు విత్తనం వంటి అతి చిన్న కణము
కోశస్థ దశ: పిల్లపురుగు గూటిలో కదలక ఉండి రెక్కల పురుగుగా మారే దశ
అభయారణ్యము: ప్రాణులకు భయము లేకుండా రక్షించే అడవి

ఆలోచించి వ్రాయండి

1. మెత్తని పుట్టగొడుగులోని పురుగులు ఎందుకు వేగముగా పెరగవలెను?
2. పుట్టగొడుగుపై కనబడిన పురుగు అక్కడే పుట్టినదని ఎట్లా రుజువు చేస్తారు?
3. 30 పురుగులకు గుర్తు వేసి విడిచారు. మరల 60 పట్టగా 6 పురుగులకు గుర్తు ఉన్నది. మొత్తం ఎన్ని?
4. తాతగారి మాట తోటకు సరి, అడవికి సరి కాదు. ఎందుకు? మీ మాటలలో అయిదు వాక్యాలు వ్రాయండి.